కావలి నుంచి డాలస్ దాకా: సంపూర్ణ సూర్యగ్రహణం కోసం మా సన్నాహం

2024 ఏప్రిల్ 8న అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం మీదుగా సాగిన సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడటానికి నేనూ మావారూ కావలి నుంచి వెళ్లివచ్చాము. సూర్యుడు పూర్తిగా మరుగున ఉన్నది నాలుగు నిమిషాల సేపే అయినా, ఆ సమయానికి ఆ చోట నిలబడి ఉండటానికి మాకు ఏడాదికి పైగా సన్నాహం పట్టింది. ఇటువంటి ప్రయాణం తలపెట్టేవారికి, ముఖ్యంగా మా వయసువారికి, ఉపయోగపడుతుందన్న ఉద్దేశంతో ఆ సన్నాహం సాగిన తీరును రాస్తున్నాను.

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినదాన్ని. గ్రహణం పాఠాన్ని ఏటేటా నల్లబల్ల మీద వృత్తాలు గీసి చెప్పినా, సంపూర్ణ గ్రహణాన్ని కళ్లతో చూడకుండానే ఉద్యోగం ముగిసింది. 1980 ఫిబ్రవరి 16న చంద్రుని నీడ రాయచూరు మీదుగా తెలంగాణలో ప్రవేశించి ఒరిస్సా తీరం వైపు సాగినప్పుడు, హైదరాబాద్ దగ్గరి జపాల-రంగాపూర్ వేధశాలకు శాస్త్రవేత్తలు తరలివచ్చారు. అప్పటికి నేను డిగ్రీ విద్యార్థిని. కందుకూరులోని మా ఇంట్లో తలుపులు, కిటికీలు మూసి అందరం లోపలే కూర్చున్నాము. మూయకపోయినా మాకు కనబడేది పాక్షిక గ్రహణమే. 1999 ఆగస్టు 11 నాటి గ్రహణం గుజరాత్‌లో మన దేశంలోకి ప్రవేశించి సూర్యాస్తమయ వేళకు శ్రీకాకుళం దగ్గర సముద్రంలో ముగిసింది. 2009 జులై 22 నాటిది సూరత్, వారణాసి, పాట్నాల మీదుగా వెళ్లింది. రెండూ వానాకాలంలో వచ్చినవే, రెండూ బడులు నడిచే రోజుల్లో వచ్చినవే. ఉద్యోగం అయిపోయాక వచ్చే గ్రహణానికి ఎంత దూరమైనా వెళ్లాలని నేను అప్పుడే నిశ్చయించుకున్నాను.

పాక్షిక గ్రహణం చాలదా అని చాలామంది అడిగారు. 2019 డిసెంబరు 26న తమిళనాడు, కేరళలలో వలయాకార గ్రహణం పడినప్పుడు మనకు కనబడిన పాక్షిక భాగాన్ని మా బడి మైదానంలో పిల్లలకు కళ్లద్దాలిచ్చి చూపించాను. పిల్లలు సంతోషించారు, కానీ చుట్టూ పగలు పగలుగానే ఉంది. సూర్యబింబంలో ఒక్క శాతం మిగిలి ఉన్నా అది వేలకొద్దీ పున్నమి చంద్రులంత వెలుగునిస్తుంది. సూర్యుని చుట్టూ ఉండే కరోనా అనే కిరీటపు వెలుగు మొత్తం కలిపినా సుమారు ఒక నిండు చంద్రునిదంత. అందువల్ల ఆ చివరి ఒక్క శాతం పోతేనే తప్ప కిరీటం కంటికి ఆనదు. తొంభైతొమ్మిది శాతం గ్రహణం పట్టే ఊళ్లో ఉండి, ఇంచుమించు మొత్తం చూశామనుకోవడం సరికాదు. మా ప్రణాళిక అంతా ఈ ఒక్క విషయం మీదనే నిలబడింది: నీడ పోయే దారి లోపల ఉండాలి, అంచున కాదు, బాగా లోపల ఉండాలి.

ఒకే చోట సంపూర్ణ గ్రహణం మళ్లీ పట్టడానికి సగటున 375 ఏళ్లు పడుతుందని లెక్క. డాలస్‌కు అంతకుముందు 1878లో వచ్చింది, 2024 తరువాత మళ్లీ 2317లో గాని రాదు. కనుక మన ఊరికి ఎప్పుడు వస్తుందా అని కూర్చోవడంలో అర్థం లేదు, మనమే పోవాలి. ఈ మాట అన్నప్పుడల్లా నాకు 1868 ఆగస్టు 18 గుర్తుకువస్తుంది. ఆ గ్రహణం కోసం ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ సముద్రాలు దాటి మన పొరుగునున్న గుంటూరుకు వచ్చాడు. మద్రాసు వేధశాల అధిపతి పాగ్సన్ మచిలీపట్నంలో విడిది చేశాడు. వెలుగును రంగులుగా విడదీసి చూపే వర్ణపటదర్శినిలో సూర్యజ్వాలల ప్రకాశవంతమైన గీతలను చూసిన జాన్సెన్, గ్రహణం లేకపోయినా వాటిని చూడవచ్చని గ్రహించి, మరునాడే గుంటూరులో చూసి నిర్ధారించుకున్నాడు. ఆ జ్వాలల వెలుగులోని పసుపుపచ్చ గీతే ఆ తరువాత హీలియం అనే మూలకాన్ని గుర్తించడానికి ఆధారమైంది. మన తీరానికి అంత దూరం నుంచి మనుషులు వచ్చి చూసినప్పుడు, మనం ఒకసారి అటు వెళ్లడం పెద్ద విడ్డూరమేమీ కాదని ఇంట్లో వాదించాను.

2024 నాటి గ్రహణపు దారి మెక్సికోలోని మజత్లాన్ దగ్గర భూమి మీదికి వచ్చి, టెక్సాస్, ఆర్కన్సా, ఇండియానా, ఒహాయో, న్యూయార్క్, మెయిన్ రాష్ట్రాల మీదుగా కెనడాలోకి పోతుంది. ఏప్రిల్ నెలలో మబ్బు తక్కువగా ఉండేది మెక్సికోలో. ఈశాన్యానికి పోయేకొద్దీ మబ్బు పెరుగుతుంది. ఒక్క వాతావరణమే చూసుకుంటే మెక్సికోనే ఎంచుకోవాలి. అయితే మా అబ్బాయి కుటుంబం డాలస్ పక్కనున్న అర్వింగ్‌లో ఉంటున్నది, ఆ ఊరు దారి లోపలే ఉన్నది. భాష, భోజనం, మందులు, కారు అన్నీ సమకూరే చోటును వదిలి, తెలియని దేశానికి మా వయసులో పోవడం వివేకం కాదనిపించింది. ఏప్రిల్ మొదటి వారంలో డాలస్ మీద మబ్బు ఉండే అవకాశం ఇంచుమించు సగం. ఆ సంగతి తెలిసే టెక్సాస్‌ను ఎంచుకున్నాము. మబ్బుకు వేరే ఉపాయం ఆలోచించుకోవచ్చని అనుకున్నాము.

అన్నిటికంటే ముందు మొదలుపెట్టవలసింది వీసా పని. 2022 చివరిలోనూ 2023 మొదట్లోనూ మన దేశంలో మొదటిసారి సందర్శక వీసా అడిగేవారికి ఇంటర్వ్యూ తేదీలు వందల రోజుల దూరంలో ఉండేవి. గ్రహణం తేదీ మనకోసం మారదు కాబట్టి, 2023 ఆరంభంలోనే మా అబ్బాయి డీఎస్-160 దరఖాస్తు నింపి, అప్పట్లో మనిషికి 160 డాలర్లు ఉన్న రుసుము కట్టి, దొరికిన తేదీ ఖాయం చేసి, అంతకంటే ముందు తేదీలు ఖాళీ అవుతాయేమోనని చూస్తూ వచ్చాడు. కావలి వాళ్లకు హైదరాబాద్ కంటే చెన్నై దగ్గర గనుక చెన్నైనే పెట్టుకున్నాము. వేలిముద్రలకు ఒక రోజు, ఇంటర్వ్యూకు మరొక రోజు పిలుస్తారు. పింఛను పత్రాలు, ఇంటి పన్ను రసీదులు, అబ్బాయి రాసిన ఆహ్వాన లేఖ అన్నీ సంచిలో సర్దుకుని పినాకిని రైలు ఎక్కాము. ఎందుకు వెళ్తున్నారని అడిగిన అధికారికి, కొడుకును, మనవణ్ణి చూడటానికి, ఏప్రిల్‌లో సూర్యగ్రహణం చూడటానికి అని ఉన్నది ఉన్నట్లు చెప్పాను. పత్రాలేవీ అడగలేదు. ఇద్దరికీ వీసా వచ్చింది.

టిక్కెట్ల విషయంలో మేము పెట్టుకున్న నియమం ఒకటే. గ్రహణానికి కనీసం రెండు వారాల ముందు చేరాలి. విమానం తప్పినా, సామాను ఆలస్యమైనా, పగలు రాత్రి తారుమారై ఒళ్లు బడలినా, కోలుకోవడానికి వ్యవధి ఉండాలి. తిరుగు ప్రయాణాన్ని కూడా గ్రహణం మరునాటికి పెట్టుకోకుండా మే నెలకు వేసుకున్నాము. మావారి రక్తపోటు మాత్రలకు చీటీలు, ఇద్దరికీ ప్రయాణ బీమా సిద్ధం చేసుకోవడంతో ఆ పని పూర్తయింది.

దీనికంటే నాకు ఎక్కువ ఓపిక కావలసి వచ్చింది ఇంట్లోనే. మా అత్తయ్యకు ఎనభై దాటాయి. గ్రహణం పట్టే రోజు ఊరగాయ జాడీల మీద, పాల గిన్నెల మీద దర్భలు వేసి, పట్టుస్నానం, విడుపుస్నానం తప్పకుండా చేయించిన మనిషి. "గ్రహణం వస్తే తలుపేసుకోవాల గానీ, అంత దూరం పోయి చూసేదేందమ్మా" అన్నారు. పైగా ఆ రోజు సూర్యుడు రేవతీ నక్షత్రంలో ఉంటాడు, మావారిది రేవతి. ఆ నక్షత్రం వారు గ్రహణం చూడకూడదని ఆమె పట్టు. మా పురోహితుణ్ణి అడిగితే, ఆ గ్రహణం మన దేశంలో కనబడదు కాబట్టి ఇక్కడి వారికి పట్టింపు లేదు, కానీ మీరు అది కనబడే చోటికే పోతున్నారు కదా అన్నారు. ఆయన మాట న్యాయమైనదే. డాలస్‌లో మధ్యాహ్నం ఒంటిగంటా నలభై అంటే మనకు అర్ధరాత్రి దాటిన వేళ. ఇక్కడ తెల్లవారితే క్రోధి నామ సంవత్సర ఉగాది.

నేను అత్తయ్యతో వాదించదలచుకోలేదు. భౌతికశాస్త్రం చెప్పిన నోటితోనే ఆమె నమ్మకాన్ని తోసిపుచ్చి ప్రయాణం కట్టడం నాకు ఇష్టం లేదు. శ్రీకాళహస్తిలో గ్రహణ సమయంలోనూ గుడి తెరిచే ఉంచుతారు కదా, అక్కడికి పోయి దర్శనం చేసుకుని బయలుదేరుతామన్నాను. మావారు ఆ పూట ఉపవాసం ఉంటాననీ, ముందు, తరువాత స్నానం చేస్తాననీ, బింబం కనుమరుగైనంతసేపూ జపం చేసుకుంటాననీ తల్లికి మాట ఇచ్చారు. "జపం చేసేవాడు కళ్లు తెరిచి చేస్తాడో మూసి చేస్తాడో నేనేం చూడొచ్చాను" అని ఆమె ఒప్పుకున్నారు. పంచాంగంలో స్పర్శ (పట్టు మొదలు), నిమీలనం (బింబం పూర్తిగా మరుగవడం), మధ్యకాలం, ఉన్మీలనం (బింబం మళ్లీ బయటపడటం), మోక్షం (పూర్తి విడుపు) అని రాసే అయిదు ఘట్టాలకూ డాలస్ వేళలు కాగితం మీద రాసి ఆమె మంచం పక్కన అంటించి వచ్చాను.

ఇక స్థలం సంగతి. గ్రహణపు దారి టెక్సాస్‌లో ఇంచుమించు 190 కిలోమీటర్ల వెడల్పున్న పట్టీ. దాని నడిగీత డాలస్‌కు ఆగ్నేయంగా ఎన్నిస్ వంటి చిన్న ఊళ్ల దగ్గరగా పోతుంది. అక్కడ సంపూర్ణ దశ 4 నిమిషాల 20 సెకన్లకు పైగా ఉంటుంది. డాలస్ నడిబొడ్డున 3 నిమిషాల 51 సెకన్లు. పడమట ఫోర్ట్ వర్త్‌లో రెండున్నర నిమిషాల చుట్టూ. నీడ గుండ్రటిది కాబట్టి ఇది వృత్తంలో జ్యా పొడవును కట్టే లెక్క. అంచు దగ్గర నుంచి కొద్ది దూరం లోపలికి జరిగితే వ్యవధి గబగబా పెరుగుతుంది, నడిమికి చేరేకొద్దీ ఆ పెరుగుదల మందగిస్తుంది. అంచుకూ నడిగీతకూ సరిగ్గా మధ్యన నిలబడినా అత్యధిక వ్యవధిలో 86 శాతానికి పైగా దక్కుతుంది. ఈ లెక్క చేతిలో ఉంటే నడిగీత మీదనే ఉండాలన్న ఆరాటం తగ్గిపోతుంది. అక్కడి చిన్న ఊళ్లకు లక్షల మంది వస్తారనీ, దారులు నిండిపోతాయనీ అధికారులు ముందునుంచే హెచ్చరిస్తున్నారు. మరో పాతిక సెకన్ల కోసం ఆ రద్దీలో చిక్కుకోవడం కంటే, డాలస్‌కు తూర్పున మెస్కీట్‌లో ఉంటున్న ఒంగోలు వారింటి పక్కనున్న పార్కు మేలనుకున్నాము. అబ్బాయి స్నేహితుడిది ఆ ఇల్లు. అక్కడ దాదాపు నాలుగు నిమిషాలు దొరుకుతుంది, స్నానానికి, మంచినీళ్లకు ఇల్లు దగ్గర ఉంటుంది, మావారి నియమమూ సాగుతుంది.

కళ్లద్దాల విషయంలో నేను ఎవరి మాటా వినలేదు. ఐఎస్ఓ 12312-2 ప్రమాణం అని ముద్రించినంత మాత్రాన చాలదు, ఆ ముద్ర ఎవరైనా వేసుకోవచ్చు. అమెరికా ఖగోళ సంఘం వారు నమ్మదగిన తయారీదారుల, అమ్మకందారుల జాబితా ప్రకటించారు. దాన్ని చూసి జనవరిలోనే తెప్పించమన్నాను. చేరిన వెంటనే ఒక్కొక్కటీ పెట్టుకుని చూశాను. వాటిలోంచి ఇంట్లోని దీపాలు గాని, వస్తువులు గాని ఏవీ స్పష్టంగా కనబడకూడదు, సూర్యబింబం మాత్రమే హాయిగా కనబడాలి. మనవడి అద్దాలు జారిపోకుండా వెనక నాడా కుట్టాను. అద్దాలు ఎప్పుడు పెట్టుకోవాలో ఎంత ముఖ్యమో, ఎప్పుడు తీయాలో కూడా అంతే ముఖ్యం. సూర్యబింబం పూర్తిగా మరుగైనప్పుడు తీయకపోతే కిరీటం అసలు కనబడదు, తొలి వెలుగు చుక్క బయటపడగానే మళ్లీ పెట్టుకోకపోతే కంటికి హాని. ఈ రెండు క్షణాలనూ పిల్లవాడికి కథగా చెప్పి, గోళీతో టార్చిలైటుతో చాలా సాయంత్రాలు అలవాటు చేయించాను.

చివరి వారం వాతావరణ సూచనలు మమ్మల్ని నిలవనీయలేదు. టెక్సాస్ అంతటా మబ్బు, ఆ పైన ఉరుములతో వాన అని ప్రతిరోజూ చెబుతూ వచ్చారు. మెయిన్, వెర్మాంట్ వంటి ఈశాన్య రాష్ట్రాలు తేటగా ఉంటాయన్నారు. ఎప్పుడూ మబ్బు ఎక్కువగా ఉండే చోటు ఆ ఏడు తేటపడటం విశేషం. కొందరు అప్పటికప్పుడు విమానం ఎక్కారు. మాకు అందేది ఐ-30 రహదారి మీద ఈశాన్యంగా ఉన్న ఆర్కన్సా. అక్కడ ఆకాశం మెరుగ్గా ఉంటుందన్నారు. ఆదివారం రాత్రి మా అబ్బాయి వెళ్దామన్నాడు, కోడలు వద్దన్నది. మనసులు కలత చెంది ఉన్నప్పుడు నిర్ణయం చేయకూడదని నేను ముందే ఒక పద్ధతి రాసిపెట్టి ఉంచాను. కారులో నిండా పెట్రోలు, పులిహోర, నీళ్లు, దుప్పట్లు రాత్రే సర్దాలి. తెల్లవారుజామున సూచనలను కాదు, ఉపగ్రహం తీసిన మేఘాల చిత్రాలను చూడాలి. మబ్బు ఒకే దుప్పటిలా పరుచుకుని ఉంటే బయలుదేరాలి, చీలికలు కనబడుతూ మనవైపు జరుగుతుంటే కదలకూడదు. ఉదయం డాలస్ మీద మబ్బు కమ్మే ఉన్నది గాని, చిత్రాల్లో దాని వెనక చీలికలు కనబడ్డాయి. మెస్కీట్ చాలన్నాను. అబ్బాయి మారుమాట్లాడకుండా కారు తీశాడు.

ఆ నాలుగు నిమిషాలు ఏమి చేయాలో కూడా ముందే పంచుకున్నాము. ఫొటోలు తీయకూడదని అందరం ఒప్పుకున్నాము, అంతకంటే మంచి ఫొటోలు ఆ సాయంత్రానికల్లా ఎలాగూ వస్తాయి. ఒక ఫోనును మాత్రం మా మాటలు, చుట్టూ వెలుగు మారే తీరు నమోదు కావడానికి స్టాండు మీద పెట్టి వదిలేశాము. గడ్డి మీద తెల్లని దుప్పటి పరిచాము. ఇంటివారి బూందీ గరిటె తెచ్చి పట్టుకుంటే, దాని చిల్లుల్లోంచి నేల మీద పడిన ప్రతి వెలుగు చుక్కా నెలవంకలాగా కనబడింది. పార్కులో ఆడుకుంటున్న పిల్లలందరూ దాని చుట్టూ చేరారు.

మధ్యాహ్నం 12:23కు స్పర్శ. మబ్బు చీలికల్లోంచి బింబం కనబడుతూ, మరుగవుతూ వచ్చింది. ఒంటిగంట దాటాక ఎండ తెల్లబోయి, నీడల అంచులు పదునెక్కి, ఏప్రిల్ గాలి చల్లబడింది. ఒంటిగంటా నలభైకి పలచని మబ్బు మాత్రమే మిగిలింది. చివరి వెలుగు చుక్క వజ్రపుటుంగరంలా మెరిసి ఆరిపోగానే "తీయండి" అని అరిచాను. అద్దాలు తీశాము. నల్లని బింబం చుట్టూ వెండి కిరీటం అన్ని వైపులకూ విచ్చుకుని ఉన్నది. సూర్యుడు అత్యంత చురుకుగా ఉండే దశకు దగ్గరగా ఉన్న ఏడాది కాబట్టి అలా ఉంటుందని నాకు తెలుసు, అయినా అంత చిక్కని వెలుగును నేను ఊహించుకోలేదు. బింబం అడుగున గులాబీరంగు జ్వాల ఒకటి ఉత్త కంటికే కనబడింది. జాన్సెన్ గుంటూరులో చూసిన జాతిదే కదా అనుకుంటే నాకు కన్నీళ్లు ఆగలేదు. కుడివైపు దిగువన శుక్రుడు, ఎడమవైపు ఎగువన గురుడు. చుట్టూ దిక్కులన్నీ సంజె రంగులో ఉన్నాయి. మావారు చేతులు జోడించి, కళ్లు తెరిచే, గాయత్రి చేస్తున్నారు. మనవడు నా చెయ్యి పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. ఉన్మీలనమవుతూనే వాడే అందరికంటే ముందు "నానమ్మా, అద్దాలు" అన్నాడు.

మోక్షం దాకా ఉండి, మావారి స్నానమయ్యాక పులిహోర తిని, దారులు ఖాళీ అయ్యేదాకా ఆ ఇంట్లోనే ఆగి బయలుదేరాము. తొందరపడి మోక్షానికి ముందే కార్లు తీసినవారు రహదారి మీద ఎక్కడికక్కడ నిలిచిపోయారు. అత్తయ్యకు ఫోను చేసేసరికి అక్కడ ఉగాది తెల్లవారి, పచ్చడికి వేపపూత దులుపుతున్నారు. కొడుకు గొంతు విన్నాక, ఏమి చూశారో మొదటి నుంచీ చెప్పమన్నారు.

ఇప్పుడు 2027 ఆగస్టు 2 నాటి గ్రహణానికి ఈజిప్టులోని లక్సర్ పోవడం గురించి ఆలోచిస్తున్నాము. అక్కడ ఆగస్టులో మబ్బు దాదాపు ఉండదు, సంపూర్ణ దశ 6 నిమిషాలకు పైగా ఉంటుంది, మనకు అమెరికా కంటే చాలా దగ్గర. అయితే నడిమధ్యాహ్నం, సూర్యుడు నడినెత్తికి దగ్గరగా ఉంటాడు, ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఈసారి మబ్బు బెంగ లేదు గాని, వడదెబ్బ బెంగ ఉన్నది. కనుక బహిరంగ మైదానం కంటే, డాబా మీదికి పోనిచ్చే హోటలు, దిగిరాగానే చల్లని గది ఉండాలని చూస్తున్నాము. అదీ కాకపోతే 2034 మార్చి 20న నీడ మన దేశంలోనే కార్గిల్ ప్రాంతం మీదుగా పోతుంది. అప్పటికి నాకు డెబ్భై దాటుతాయి, ఆ ఎత్తులో, మార్చి నెల మంచులో నిలబడగలనో లేదో డాక్టరును అడగాలి. అందుకే ముందు లక్సర్. గదుల అద్దెలు విచారించే పని ఈసారి మావారే తీసుకున్నారు.